టెక్ సందేహాలు: క్యాంపర్ వ్యాన్‌ను ఏ చక్రాలు లాగాలి?

ప్రశ్న: మేం డెన్వర్‌లో ఉంటాం. ఇద్దరు పిల్లలు. వేసవిలో నేషనల్ పార్కులకు, చలికాలంలో స్కీయింగ్‌కు వెళ్లడానికి సెకండ్‌హ్యాండ్ క్యాంపర్ వ్యాన్ (లోపలే పడుకునే వీలున్న వ్యాన్) చూస్తున్నాం. ర్యామ్ ప్రోమాస్టర్ కొనాలా, ఫోర్డ్ ట్రాన్సిట్ కొనాలా? ట్రాన్సిట్‌లో ఆల్ వీల్ డ్రైవ్‌కు (నాలుగు చక్రాలూ లాగే ఏర్పాటుకు) ఎక్కువ డబ్బు పెట్టడం అవసరమా?

జవాబు: మంచులో ఫ్రంట్ వీల్ డ్రైవే మేలని మీకు చాలామంది చెప్పే ఉంటారు. కారు విషయంలో నిజమే. ఇంజిన్ బరువంతా లాగే చక్రాల మీదే ఉంటుంది. క్యాంపర్‌లో మాత్రం మంచం, నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, సైకిళ్లు ఎక్కువగా వెనకే చేరతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు ఇంకాస్త వెనక్కి జరుగుతుంది. ముందు చక్రాలు తేలికై మంచులో, తడి గడ్డిలో ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. ప్రోమాస్టర్‌కు లాగేవి ఆ ముందు చక్రాలే. మామూలు ట్రాన్సిట్‌లా వెనక చక్రాలు లాగే వ్యాన్ ఖాళీగా ఉంటే జారుతుంది, సామాను నింపాక పట్టు దొరుకుతుంది.

అలాగని ప్రోమాస్టర్‌ను తీసిపారేయను. వెనక చక్రాలకు వెళ్లే షాఫ్ట్ లేదు కాబట్టి ఫ్లోర్ కిందికి ఉంటుంది, పిల్లలు సులువుగా ఎక్కి దిగుతారు. లోపల వెడల్పు కూడా ఎక్కువే, మంచం అడ్డంగా వేసుకోవచ్చు. మీరు ఫ్లోరిడాలో ఉంటే అదే కొనమనేవాణ్ణి.

కానీ మీరు వెళ్లేది ఐ-70 మీద, అంటే డెన్వర్ నుంచి కొండల్లోకి ఎక్కే హైవే మీద. ఐసన్‌హవర్ టన్నెల్ 11 వేల అడుగులకు పైన ఉంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం) లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. అంటే అక్కడికి చేరేసరికి దాదాపు మూడో వంతు పోయినట్టే. ప్రోమాస్టర్ 3.6 లీటర్ల వి6కు టర్బో లేదు, ట్రాన్సిట్‌లో ఎకోబూస్ట్ అనే ఇంజిన్‌కు ఉంది. అందుకే 2020 లేదా ఆ తర్వాతి మోడల్‌లో ఎకోబూస్ట్, ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న ట్రాన్సిట్ వెతకండి. ఆ మోడల్ నుంచే దానికి ఆల్ వీల్ డ్రైవ్, 10 గేర్ల ఆటోమేటిక్ వచ్చాయి. ఎక్కువ పెట్టే డబ్బు మీకు వృథా కాదు.

అయితే టైర్ల దగ్గర పొదుపు చేయకండి, దయచేసి. ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుంది, ఆపలేదు. బ్రేకు వేసినప్పుడు రోడ్డును పట్టుకునేది టైరే. సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా డాట్‌సెరో, మోరిసన్ మధ్య ఐ-70 మీద ఆల్ వీల్ డ్రైవ్ బండికి కూడా టైరు గాడి లోతు కనీసం 3/16 అంగుళం ఉండాలి. కొండ బొమ్మలో మంచు పువ్వు గుర్తున్న టైర్లే వేయించండి. మన ఘాట్ రోడ్ల మీద డ్రైవర్లు తక్కువ గేరులో దిగుతారు కదా, టన్నెల్ దాటాక మీరూ అంతే. టో-హాల్ మోడ్ వేస్తే గేర్‌బాక్స్ కింది గేరులో ఉండి ఇంజిన్‌తోనే వేగాన్ని పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కవు.

ఆల్ వీల్ ఉందన్న ధీమాతో కేనియన్‌లాండ్స్ నేషనల్ పార్కులోని వైట్ రిమ్ రోడ్డు మాత్రం ఎక్కకండి. ఎత్తుగా ఉండి, లో-రేంజ్ గేర్లు (చాలా నెమ్మదిగా, బలంగా లాగే అదనపు గేర్లు) ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకే అక్కడ అనుమతి. ట్రాన్సిట్‌కు ఆ గేర్లు లేవు.

ప్రశ్న: బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఉంటాను. నాది ఆటోమేటిక్ లైసెన్స్. 2017 ఫియట్ డుకాటో మోటార్‌హోమ్ బాగుంది. గేర్‌బాక్స్ కంఫర్ట్‌మేటిక్ అంటున్నారు. పర్లేదా?

జవాబు: క్లచ్ పెడల్ లేదు కాబట్టి మీ లైసెన్స్‌కు చెల్లుతుంది. కానీ అది లోపల మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మీకు బదులు యంత్రం చేస్తుంది. గేరు మారినప్పుడల్లా చిన్న కుదుపు ఉంటుంది. దానికి అలవాటు పడవచ్చు. అసలు ఇబ్బంది వాలు మీద నెమ్మదిగా రివర్స్ చేసేటప్పుడు వస్తుంది. క్లచ్ అరుగుతూ వేడెక్కుతుంది. క్యాంప్‌సైట్లలో చేయాల్సింది తరచూ ఆ పనే. కొనేముందు ఎత్తు మీదికి రివర్స్ చేసి చూడండి, కాలిన వాసన వస్తే వదిలేయండి. డుకాటోకు 2020 మోడల్‌తో టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కు బదులు ద్రవంతో శక్తిని అందించే భాగం) ఉన్న 9 గేర్ల ఆటోమేటిక్ వచ్చింది. బడ్జెట్ ఏమాత్రం సాగినా దానికే వెళ్లండి.

బరువు కూడా చూసుకోండి. 1997 జనవరి 1 నుంచి కారు టెస్టు పాసైనవారు సీ1 (చిన్న లారీల శ్రేణి) లైసెన్స్ లేకుండా గరిష్ఠ బరువు 3,500 కిలోలు దాటిన మోటార్‌హోమ్ నడపకూడదు. సామానుతో కలిపి అనుమతించిన గరిష్ఠ బరువు బండికి బిగించిన ప్లేటు మీద రాసి ఉంటుంది.