ఈఎంఐ కట్టగలిగితే కొనగలిగినట్టేనా?

ప్రశ్న: నా వయసు 37. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు చేతికి 1,48,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 46,000 (ఇంకా 41 లక్షలు బాకీ). కారు ఈఎంఐ 13,500, ఇది మరో 14 నెలల్లో అయిపోతుంది. ఇంటి ఖర్చు 38,000, పాప స్కూలు 12,000, తెనాలిలో ఉన్న అమ్మానాన్నలకు 10,000, సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేసేవి) 15,000. బ్యాంకులో 1,85,000 ఉన్నాయి. ఏటా ఏప్రిల్‌లో 1,60,000 బోనస్ వస్తుంది. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ 5 లక్షలు, అందులో అమ్మానాన్నలు కూడా ఉన్నారు. పదేళ్ళ క్రితం తీసుకున్న 8 లక్షల ఎండోమెంట్ పాలసీ (పొదుపుతో కలిపిన జీవిత బీమా) ఉంది. సంగీతం నా ఒకే ఒక్క సరదా. కెఫ్ ఆర్3 మెటా స్పీకర్లు ఉన్నాయి. వాటికి లక్స్‌మన్ ఎల్-507జెడ్ గానీ హెగెల్ హెచ్400 గానీ, ఏదో ఒక ఆంప్లిఫైయర్ (స్పీకర్లను నడిపే యంత్రం) కొనాలని ఉంది. పాత ఆంప్లిఫైయర్ ఎక్స్ఛేంజ్‌లో ఇస్తే ఇంకో 6 లక్షలు కట్టాలన్నారు. బ్యాంకు యాప్‌లో 6 లక్షల ప్రీ-అప్రూవ్డ్ లోన్ కనిపిస్తోంది: 14 శాతం వడ్డీ, 48 నెలలు. సిప్ మూడు వేలు తగ్గిస్తే ఈఎంఐ సరిపోతుంది. తీసుకోవచ్చా? రెండిట్లో ఏది మంచిది?

జవాబు: వద్దు. ఏది మంచిదన్న సంగతి తర్వాత చూద్దాం.

మీ మెయిల్‌ను ఎంచుకోవడానికి కారణం ఆంప్లిఫైయర్ కాదు. ‘సిప్ మూడు వేలు తగ్గిస్తే ఈఎంఐ సరిపోతుంది’ అన్న ఆ ఒక్క వాక్యం. ఇదే వాక్యం బైకుల గురించి, కెమెరాల గురించి, మాల్దీవుల ట్రిప్పు గురించి నాకు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. ఈఎంఐ జీతంలో ఇమిడితే ఆ వస్తువు మన స్తోమతలో ఉన్నట్టే అనుకోవడం ఇప్పుడు చదువుకున్నవాళ్ళకే ఎక్కువగా పట్టుకున్న జబ్బు.

మీ అంకెలే చూడండి. తప్పనిసరి ఖర్చులు కూడితే నెలకు 1,19,500. సిప్‌లు పోగా మిగిలేది 13,500. కొత్త ఈఎంఐ సుమారు 16,400. అంటే సిప్‌ను కోస్తే తప్ప మొదటి నెల నుంచే లోటు. నాలుగేళ్ళలో వడ్డీ 1,87,000 అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద జీఎస్టీ కలిపితే ఇంకో 14,000. ఆరు లక్షల వస్తువుకు ఎనిమిది లక్షలు పెడుతున్నారు. వడ్డీ డబ్బుతోనే ఇంకో మంచి ఆంప్లిఫైయర్ వచ్చేది.

అయినా నన్ను ఎక్కువ భయపెట్టింది వడ్డీ కాదు, బ్యాంకులో ఉన్న ఆ 1,85,000. మీ ఇల్లు దాని మీద నెలన్నర నడుస్తుంది. నెలన్నర! లోన్ తీసుకున్నాక ఉద్యోగం పోయిందనుకోండి, మూడు ఈఎంఐలే నెలకు 75,900. తిండి, స్కూలు, తెనాలి అన్నీ పక్కన పెట్టి కేవలం ఈఎంఐలు కట్టినా రెండున్నర నెలలు కూడా గడవవు. సాఫ్ట్‌వేర్‌లో కొత్త ఉద్యోగం అంత త్వరగా దొరుకుతుందని ఇప్పుడు ఎవరూ హామీ ఇవ్వలేరు. నా దగ్గరకు వచ్చే ఒకాయనకు ఏడు నెలలు పట్టింది. ఇష్టపడి కొనుక్కున్న టర్న్‌టేబుల్‌ను (రికార్డ్ ప్లేయర్) కొనేవాడు అడిగిన రేటుకే ఇచ్చేశాడు. అవసరంలో అమ్మేవాడి ముఖం కొనేవాడికి వెంటనే తెలిసిపోతుంది.

ఆ యాప్‌లో కనిపించే ‘ప్రీ-అప్రూవ్డ్’ అన్న మాట కూడా ఒకసారి ఆలోచించండి. బ్యాంకు చూసింది మీ జీతం, మీ క్రెడిట్ స్కోరు. మీ ఇంట్లో ఎన్ని నెలల డబ్బుందో చూడలేదు, చూడదు కూడా. ఇలాంటి పూచీ లేని అప్పులు పెరిగిపోతున్నాయనే 2023 నవంబరులో రిజర్వ్ బ్యాంకు పర్సనల్ లోన్ల మీద రిస్క్ వెయిట్‌ను (అప్పుకు ఎదురుగా బ్యాంకు ఎంత సొంత మూలధనం ఉంచుకోవాలో తేల్చే లెక్క) 100 నుంచి 125 శాతానికి పెంచింది. ఇచ్చేవాళ్ళకే జాగ్రత్త చెప్పాల్సి వచ్చిందంటే తీసుకునేవాళ్ళం ఎంత జాగ్రత్తగా ఉండాలి?

వేరే దారులు అడుగుతారని తెలుసు. షాపులో ‘నో-కాస్ట్ ఈఎంఐ’ (వడ్డీ లేని వాయిదాలు) ఇస్తామంటే నమ్మకండి, సున్నా శాతం వడ్డీ అనేదే లేదని 2013 సెప్టెంబరులోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. వడ్డీ ధరలో ఎక్కడో దాక్కుంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా మీదే. హోమ్ లోన్ టాప్-అప్ (అదే ఇంటి మీద అదనపు అప్పు) చౌకే, కానీ పాట వినడానికి ఇల్లు తాకట్టు పెట్టకండి. గోల్డ్ లోన్ మాట మీరు ఎత్తలేదు, దయచేసి ఎత్తకండి. అది మీ ఆవిడ బంగారం.

ఇప్పుడు చేయాల్సింది. ముందుగా ఇన్సూరెన్స్. 41 లక్షల బాకీ ఉన్న మనిషికి 8 లక్షల కవర్ ఏమిటండీ? 2 కోట్ల టర్మ్ పాలసీ (పొదుపు లేని, ప్రాణానికి మాత్రమే ఉండే బీమా) ఈ నెలలోనే తీసుకోండి. మీకు, భార్యకు, పాపకు కంపెనీతో సంబంధం లేని 10 లక్షల ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ) తీసుకోండి. ఉద్యోగం పోయిన రోజే కంపెనీ కవర్ కూడా పోతుంది. జబ్బులు, ఉద్యోగ కష్టాలు కలిసి రావని రాసిపెట్టి లేదు. పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) గరిష్ఠంగా మూడేళ్ళు. పాలసీ తీసుకున్న రోజు నుంచే ఆ లెక్క మొదలవుతుంది కాబట్టి వాయిదా వేసిన ప్రతి నెలా మీకే నష్టం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు, ఆ సాకూ పోయింది. ఈ రెండిటికీ ఏడాదికి యాభై వేలు పక్కన పెట్టుకోండి. అమ్మానాన్నల పాలసీకి ప్రీమియం ఎక్కువ. కోట్ తెప్పించుకుని నాకు మళ్ళీ రాయండి.

తర్వాత ఎమర్జెన్సీ ఫండ్. ఆరు నెలల ఖర్చు అంటే ఈ రోజు లెక్కలో 7,17,000. భయపడకండి, కారు లోన్ తీరగానే మీ తప్పనిసరి ఖర్చు 1,06,000కు దిగుతుంది, అప్పుడు కావాల్సింది 6,36,000. ఒక ఈఎంఐ తీరితే చేతిలో డబ్బు మిగలడమే కాదు, ఉంచుకోవాల్సిన నిధి కూడా తగ్గుతుంది. చాలామంది ఈ రెండో లాభం గమనించకుండానే వెంటనే ఇంకో ఈఎంఐ తగిలించుకుంటారు.

సిప్‌లను సగానికి, అంటే 7,500కు తగ్గించండి. ఆంప్లిఫైయర్ కోసం మూడు వేలు తగ్గిస్తానంటే వద్దన్నవాణ్ణే, దీనికోసం నేనే అడుగుతున్నాను. మిగులుతో కలిపి నెలకు 21,000 స్వీప్-ఇన్ ఎఫ్‌డీలోకో (సేవింగ్స్ ఖాతాకు ముడిపడిన డిపాజిట్) లిక్విడ్ ఫండ్‌లోకో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) వెళ్ళాలి. బోనస్‌లో ప్రీమియంలు పోగా మిగిలిన 1,10,000 కూడా అక్కడికే. 14 నెలలయ్యేసరికి మీ 1,85,000తో కలిపి 5,89,000 అవుతుంది. కారు ఈఎంఐ డబ్బు కూడా కలిస్తే 16వ నెలకు నిధి నిండుతుంది. అప్పుడు సిప్‌ను మళ్ళీ 15,000 చేయండి. ఇక మిగిలే 27,000 పూర్తిగా మీ సంగీతానిదే. తర్వాతి బోనస్‌తో కలిపి 18 నెలల్లో ఆరు లక్షలు. మొత్తం 34 నెలలు. ఇందులో జీతం పెరుగుదల వేయలేదు, స్కూలు ఫీజు పెరుగుదల కూడా వేయలేదు. అటూ ఇటూ చూసుకోండి. లోన్ తీసుకుంటే మాత్రం 34వ నెలలో ఇంకా 14 ఈఎంఐలు మిగిలి ఉంటాయి.

ఇక ఏది మంచిదన్న ప్రశ్న. నేను ఆడియో నిపుణుణ్ణి కాదు గానీ వినే అలవాటు ఉంది, అంకెలు చదవడం వచ్చు. లక్స్‌మన్ 8 ఓమ్‌ల (స్పీకర్ నిరోధం కొలత) మీద 110 వాట్లు ఇస్తుంది, హెగెల్ 250. చూడటానికి రెట్టింపు పైనే. కానీ వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ (సౌండ్ కొలత). చెవికి సౌండ్ రెట్టింపైనట్టు అనిపించాలంటే దాదాపు 10 కావాలి. ఈ రెండిటి మధ్య తేడా నాలుగు డెసిబెల్స్ కూడా లేదు. మీ స్పీకర్లు ఒకటి రెండు వాట్లకే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ ఇస్తాయి. ఫ్లాట్‌లో అంతకు మించి పెడితే పక్కింటివాళ్ళు తలుపు కొడతారు. కాబట్టి వాట్ల కోసమైతే రెండూ ఎక్కువే. స్వరం నచ్చడం వేరే సంగతి, అది మీ చెవికే తెలియాలి. షాపులో వినిపించారని తొందరపడకండి, ఆ గదికి కార్పెట్, ప్యానెళ్ళు ఉంటాయి. మీ హాల్లో టైల్స్, గాజు కిటికీలు ఉండి ఉంటాయి. ముందు మందపాటి రగ్గు, బరువైన కర్టెన్లు వేసి అవే స్పీకర్లు, అదే పాత ఆంప్లిఫైయర్‌తో ఒక నెల వినండి. ఇరవై వేలలో అయిపోతుంది, ఆ ఖర్చుకు నేను అడ్డు చెప్పను.

మోడల్ పోతుందని టెన్షన్ కూడా వద్దు. 2019లో వచ్చిన హెగెల్ హెచ్390 స్థానంలో 2024లో హెచ్400 వచ్చింది. మీ 34 నెలలు గడిచేసరికి ఇది కూడా సెకండ్ హ్యాండ్‌లో దొరకొచ్చు. అలా కొంటే, ముఖ్యంగా జపాన్ బ్రాండ్లలో, వెనక ప్లేటు మీద వోల్టేజీ చూడండి. అక్కడి కరెంటు 100 వోల్టులు. అక్కడి మార్కెట్ కోసం చేసిన పీసు మన 230కి నేరుగా పెడితే కాలిపోతుంది.

కొన్న రోజున ఇంకో పని ఉంది. హోమ్ లోన్‌తో పాటు బ్యాంకు ఇప్పించిన ఇన్సూరెన్స్ చాలావరకు గోడలకే ఉంటుంది, లోపలి సామానుకు ఉండదు. ఇంటి సామాన్ల కవర్‌లో ఆంప్లిఫైయర్, స్పీకర్లను విలువతో సహా రాయించండి. హై వోల్టేజీ వల్ల కాలిపోతే క్లెయిమ్ ఇస్తారో లేదో పాలసీ కాగితంలో చదువుకుని, ఆ బిల్లును దానితో పాటే దాచండి.