ఏకపాత్రలో ఫానీ లూ హేమర్

ప్రశ్న: అమెరికా నల్లజాతి ఉద్యమకారిణి ఫానీ లూ హేమర్‌పై ఇరవై నిమిషాల ఏకపాత్ర తయారుచేస్తున్నాను. జైల్లో ఆమెను కొట్టిన ఘట్టం వచ్చేసరికి రిహార్సల్ చూసేవాళ్లు తల తిప్పేసుకుంటున్నారు. నాకూ ఆ రాత్రి నిద్ర పట్టదు. తీసేయమంటారా? ముఖానికి నల్లరంగు వేసుకోవచ్చా?

జవాబు: రంగు వద్దే వద్దు. నల్లవాళ్లను వెక్కిరించడానికి తెల్లనటులు ముఖాలకు మసి పూసుకుని ఆడిన చరిత్ర అక్కడిది. యాసను అనుకరించడమూ అంతే. మీ మామూలు గొంతుతో చెప్పండి.

ఘట్టం ఉంచండి, కొట్టడాన్ని మాత్రం నటించకండి. 1964 ఆగస్టు 22న అట్లాంటిక్ సిటీలో, డెమొక్రటిక్ పార్టీ కమిటీ ముందు ఆమె కుర్చీలో కూర్చునే సాక్ష్యం చెప్పారు. ఓటు నమోదుకు 18 మందిలో ఒకరిగా 26 మైళ్లు వెళ్లడం, తిరుగుదారిలో బస్సు రంగు ఉండాల్సినది కాదని డ్రైవరుపై కేసు, తాను పనిచేసే తోట యజమాని వెళ్లగొట్టడం, 1963 జూన్‌లో మిసిసిపీ రాష్ట్రంలోని వినోనా జైలు... వరసగా చెప్పుకుంటూ పోయారు. అధికారి హుకుంతో ఇద్దరు నల్ల ఖైదీలు వంతులవారీగా కొట్టారు. ఒకరు అలిసిపోతే రెండోవారు. ఈ వాక్యం మెల్లగా అంటే చాలు, వినేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. మీరు కిందపడి అరిస్తే చూపు మీ నటన మీదికి మళ్లుతుంది, అలా అరిచేలా కొట్టినవాళ్లు తప్పించుకుంటారు.

సాక్ష్యానికి ఏడు నిమిషాలు మించనివ్వకండి. చాలా ఏకపాత్రలు దెబ్బల దగ్గరే ఆగిపోతాయి. అది ఆమెకు అన్యాయం. 1969లో ఆమె ఫ్రీడమ్ ఫార్మ్ సహకార సంఘం పెట్టారు. ఓటు హక్కు అడిగితే కూలిపని, ఇల్లు రెండూ పోయే చోట సొంత నేల ఉంటే తిండికి లొంగక్కర్లేదని ఆమె లెక్క. పేద కుటుంబానికి ఆడపందినిస్తే, అది ఈనాక పిల్లల్లో కొన్ని మరో ఇంటికి వెళ్లేవి. గాయం మానడమంటే ఇక్కడ ఇదే. ఐదారు నిమిషాలు దీనికే ఇవ్వండి.

ఆమె పాడే ఉద్యమగీతాల్లో ఒకటి చివర్లో పెట్టండి. ఒక చరణం పాడి, రెండోది మొదలుపెట్టి ఆగండి. జనం అందుకోవడానికి నాలుగైదు క్షణాలు పడుతుంది. భయపడి మీరే పూరిస్తే ఇక ఎవరూ పాడరు. హాల్లో లైట్లు కొంచెం వెలిగించి ఉంచితే గొంతులు త్వరగా కలుస్తాయి.

హింస ప్రస్తావన ఉంటుందని తలుపు దగ్గరే చెప్పండి, మధ్యలో లేచి వెళ్లేవాళ్లకు దారి వదలండి. ముగిశాక దుస్తులు మార్చుకుని, సొంత పేరు పైకి పలికి, నీళ్లు తాగి, పది నిమిషాల తర్వాతే చర్చకు కూర్చోండి. రిహార్సల్లో ఆ ఘట్టం రోజుకు ఒక్కసారే. మిగతాసార్లు కదలికలు మాత్రం చూసుకోండి.

ప్రశ్న: ఇలాంటి ప్రదర్శనకు వేదిక తప్పనిసరా?

జవాబు: కాదు. 1980లో అమెరికా నల్లజాతి కళాకారిణి లొరేన్ ఓగ్రేడీ 180 జతల తెల్లని గ్లవ్స్‌తో కుట్టిన గౌనులో న్యూయార్క్‌లోని ఒక గ్యాలరీలోకి పిలవకుండానే వెళ్లారు. తెల్ల చామంతులు పంచుతుంటే వాటి కిందున్న కొరడా బయటపడింది. దాంతో తనను తానే కొట్టుకుంటూ, నల్లజాతి కళాకారులు ఇంకా తెగించాలని కవిత చదివారు. మీరు ఇలాంటిది చేస్తే పూలను కొరడాకు గట్టిగా ముడేయకండి. ఒక్క లాగుకు ఊడిరాకపోతే, జనం కొరడాను కాకుండా ముడి విప్పడాన్ని చూస్తారు.