సగం ఓడే గీస్తున్నారంటే అది మొండితనం కాకపోవచ్చు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 79 ఏళ్లు. షిప్‌యార్డులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు బలహీనపడ్డాయి. తర్వాత మతిమరుపు మొదలైంది. వాస్క్యులర్ డిమెన్షియా, అంటే మెదడుకు రక్తం సరిగా అందక వచ్చే మతిమరుపు జబ్బు అన్నారు. ఇంట్లో చూసుకోలేక ఏడాదిగా మధురవాడ వైపు ఒక కేర్ హోమ్‌లో ఉంచాం. అక్కడ ఆర్ట్ థెరపీ అని వారానికి రెండు రోజులు బొమ్మలు వేయిస్తున్నారు. దానికి నెలకు 1,500 రూపాయలు అదనం. నాన్న ఓడ గీసినా, చెట్టు గీసినా కాగితంలో కుడి సగంలోనే గీసి పెన్సిల్ పక్కన పెట్టేస్తారు. మిగతాది కూడా వెయ్యమంటే కోపంతో చించేస్తున్నారు. ఆయన సహకరించడం లేదని స్టాఫ్ అంటున్నారు. బలవంతంగానైనా కూర్చోబెట్టాలా? దీనివల్ల జ్ఞాపకశక్తి పెరుగుతుందా?
– ఓ పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: బలవంతం వద్దమ్మా. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతిని మీరు మామూలుగా రాసేశారు: కుడి సగంలోనే గీస్తున్నారని. ముందు దాని గురించి చెబుతాను.

ఎడమ చెయ్యి, కాలు పడ్డాయంటే దెబ్బ తగిలింది మెదడులో కుడి భాగానికి. అలాంటివారిలో కొందరికి కళ్లు బాగానే ఉన్నా ఎడమ పక్కన ఉన్నది ధ్యాసలోకి రాదు. వైద్యంలో దీన్ని నెగ్లెక్ట్ అంటారు. పేరు విని నిర్లక్ష్యం అనుకునేరు, అది కాదు. గడియారం గీయమంటే పన్నెండు అంకెలూ కుడివైపే కుక్కేస్తారు. గడ్డం ఒక పక్కే గీసుకుంటారు. కంచంలో ఎడమ పక్కన కూర అలాగే ఉండగా ‘కూర వెయ్యలేదేం?’ అని అడుగుతారు. ఏదో వదిలేస్తున్నామన్న సంగతి చాలామందికి తెలియను కూడా తెలియదు. మీ నాన్నగారి లెక్కలో ఆ ఓడ పూర్తయిపోయింది. ఉద్యోగమంతా మిల్లీమీటరు తేడా రాకుండా గీతలు గీసిన మనిషిని పట్టుకుని ‘సగమే వేశారేంటి తాతగారూ’ అంటే ఆయనకు వెటకారంలా అనిపించదూ? నేనైనా చించేస్తాను.

ఇదంతా చూడకుండా చెబుతున్న అనుమానమే. చూపులోనే ఎడమ సగం పోయి ఉండొచ్చు, శుక్లాలూ తోడై ఉండొచ్చు. న్యూరాలజిస్టుకీ, కంటి డాక్టరుకీ చూపించండి. ఒక్కటి మాత్రం స్టాఫ్‌ని ఇవాళే ఫోన్ చేసి అడగండి: ఇలా గీయడం మొదటినుంచీ ఉందా, ఈ నాలుగు రోజుల్లోనే మొదలైందా? కొత్తగా వచ్చినా, మాట ముద్దయినా, మూతి వంకరపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. పాతదే అయితే తొందర లేదు కానీ, నడిచేటప్పుడు ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకుని పడిపోయే ప్రమాదం ఉందని హోమ్ వాళ్లకు చెప్పండి.

ఇక ఆర్ట్ థెరపీ. ఈ మాటను 1942లో వాడుకలోకి తెచ్చింది ఆడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు. క్షయ వచ్చి శానిటోరియంలో పడుకుని, పొద్దుపోక మంచం మీదే బొమ్మలు వేసుకున్న రోగి ఆయన. డిమెన్షియాలో దీనివల్ల పోయిన జ్ఞాపకశక్తి తిరిగి రాదు. అలా చెప్పి డబ్బు అడిగితే నమ్మకండి. జరిగిన అధ్యయనాలు తక్కువ, అవీ చిన్నవి. అయినా నా అనుభవంలో కొందరికి చిరాకు, టెన్షన్ తగ్గుతాయి. నెలల తరబడి నోరు విప్పనివాళ్లు పక్కవాళ్లతో మాట కలుపుతారు. నాకు అదే ఎక్కువ.

అయితే అందరికీ బాతు బొమ్మల కలరింగ్ పుస్తకం, క్రేయాన్లు పంచిపెట్టేస్తే అది థెరపీ అవదు. పెద్దవాళ్లకు అది అవమానం కూడా. మీ నాన్నగారికి డ్రాఫ్ట్స్‌మన్లు వాడే టీ స్క్వేరు, సెట్ స్క్వేరు, 2హెచ్ పెన్సిలు తీసుకెళ్లండి. కాగితాన్ని బల్లకు టేపుతో అంటించమనండి, ఎడమ చెయ్యి పట్టుకోలేదు కదా. కాగితం ఎడమ అంచు పొడవునా వెడల్పాటి ఎర్ర టేపు వేసి, ‘ఎర్ర గీత కనబడేదాకా చూడండి నాన్నా’ అని నెమ్మదిగా గుర్తుచెయ్యాలి. టేపు బదులు ఎర్ర లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మ పెట్టినా సరే. 1948లో మన విశాఖలోనే నీళ్లలోకి దిగిన ‘జల ఉష’ ఓడ ఫొటో ఒకటి ముందు పెట్టి చూడండి, ఓడల కబుర్లు వాటంతటవే వస్తాయి.

ఇందులో ఒక ఇబ్బందీ ఉంది. చేతిపని బాగా తెలిసినవాళ్లకు తమ గీత వంకరపోతే ఒక్కోసారి తెలుస్తుంది, అప్పుడు బాధ ఎక్కువ. గీయగానే ముఖం మాడ్చుకుంటున్నారా గమనించండి. అలాగైతే పెన్సిలు మానిపించి మట్టి ముద్దో, అతికించడానికి రంగు కాగితాలో ఇవ్వమనండి. పాత పనితో పోలిక రాదు.

చిన్నవే అయినా మరికొన్ని చెప్పాలి. రంగు నీళ్లు టీ గ్లాసులో పెట్టనివ్వొద్దు, తాగేస్తారు. పక్షవాతం తర్వాత మింగడంలో ఇబ్బంది ఉంటే మరీ ప్రమాదం. వయసుతో ముదురు నీలం, నలుపు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి కొట్టొచ్చే రంగులు ఇవ్వాలి. ఉదయం టిఫిన్ తర్వాత అరగంట చాలు. సాయంత్రాలు ఈ జబ్బులో కొందరికి గాభరా పెరుగుతుంది.

ఫీజు కట్టాలా వద్దా అన్నది రెండు ప్రశ్నలతో తేల్చుకోండి. నేర్పే మనిషి ఆర్ట్ థెరపీలో గానీ ఆక్యుపేషనల్ థెరపీలో (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాయపడే చికిత్స) గానీ శిక్షణ పొందారా? ఒక్కొక్కరి గురించి ఏమైనా రాసి పెడుతున్నారా? రెండింటికీ ‘లేదు’ అంటే అది డ్రాయింగ్ క్లాసు. తప్పేం లేదు, కానీ ఆ రేటు ఎక్కువ. ఆయన బొమ్మల్ని, ఫొటోల్ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దని కూడా చెప్పండి.

గీసిన కాగితాలు, చించినవైనా సరే, వెనక తేదీ వేసి దాచమనండి. న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లేటప్పుడు ఓ నాలుగు పట్టుకెళ్లండి.