అమ్మాయ్, అక్కడ అమ్ముతున్నది కాలర్

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికాలో వచ్చిన పాత యారో కాలర్ ప్రకటనల బొమ్మల మీద రాయాలనుకోవడమే నాకు నచ్చింది. ఈ బొమ్మలకి లైక్ కొట్టి వెళ్ళిపోయేవాళ్ళే గానీ కూర్చుని రాసేవాళ్ళేరీ? అయితే నాలుగు పేజీల్లో 'స్వర్ణయుగం' ఐదుసార్లు, 'రాజసం' ఏడుసార్లు వచ్చాయి. కాలర్ ఒక్కసారే వచ్చింది, అదీ బ్రాండ్ పేరులో.

మీ ఇంట్లో బట్టలు ఉతికేదెవరో వాళ్ళనడుగు, చొక్కాలో ముందు మాసేది ఏదని. న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో హానా మాంటేగ్ అనే ఇల్లాలు 1827లో, కాలర్ కోసం చొక్కా మొత్తం ఉతకలేక విసుగెత్తి, భర్త చొక్కాల కాలర్లు కత్తిరించి విడిగా ఉతికి మళ్ళీ కుట్టిందని చెబుతారు. ఆ విసుగే పెరిగి పెద్దదై ఊరంతటికీ పరిశ్రమ అయింది. చొక్కా వేరు, కాలర్ వేరు. గంజి పెట్టి అట్టలా బిగిసిన కాలర్‌ని గుండీలతో తగిలించుకునేవాళ్ళు. ట్రాయ్‌లోని క్లూయెట్ పీబాడీ కంపెనీ యారో పేరుతో చేసిన ఆ కాలర్లు అమ్మడానికే 1905లో జె.సి. లయన్‌డెకర్ చేత బొమ్మలు వేయించడం మొదలుపెట్టింది.

ఇప్పుడు బొమ్మ మళ్ళీ చూడు. జానెడు తెల్లగుడ్డని జనం చేత కొనిపించాలి. చాలా బొమ్మల్లో ఆ మనిషి గడ్డం కాస్త ఎత్తి పక్కకి చూస్తుంటాడు. గంజి కాలర్ వేసుకుని మెడ వంచి చూపించమను ఎవరినైనా! నువ్వు ఏడుసార్లు రాజసం అన్నది ఆ గంజినే. ఇంకా దగ్గరికి వెళ్ళు. ఏటవాలుగా, పక్కపక్కనే లాగిన వెడల్పాటి కుంచె గీతలు, వాటి మధ్య వదిలేసిన సందులు కనిపిస్తాయి. గుడ్డ బిగువంతా ఆ గీతల్లోనే ఉంది. అక్కడ ఒక పేజీ ఖర్చు పెట్టినా తప్పులేదు.

నాకూ ఈ బుద్ధి ఊరికే రాలేదులే. కోల్స్ ఫిలిప్స్ గీసిన ఒక మేజోళ్ళ ప్రకటన మీద నా మొదటి వ్యాసం రాశాను. ఆయన 1908లో లైఫ్ పత్రిక ముఖచిత్రంతో పేరు తెచ్చుకున్న ఉపాయం ఉంది చూడు, అమ్మాయి గౌను బొమ్మ వెనకాలి రంగులో కలిసిపోతుంది, అంచులు మన కళ్ళే పూరించుకుంటాయి. దాన్ని పొగుడుతూ పేజీలు నింపాను. ఎడిటర్ గారు చదివి, "ఇంతకీ ఏం అమ్ముతున్నారయ్యా ఇందులో?" అన్నారు. వెళ్ళి మళ్ళీ చూస్తే గౌను కరిగిపోయింది, మేజోడు మాత్రం నిగనిగలాడుతోంది. సిగ్గేసింది.

లయన్‌డెకర్ కాలర్ బొమ్మలకి ఎదురుగా నిలబడ్డ చార్లెస్ బీచ్‌ని 'మోడల్' అని ఒక్క మాటలో దాటేశావు. 1951లో లయన్‌డెకర్ పోయేదాకా దాదాపు యాభై ఏళ్ళు ఆయనతోనే ఉన్న మనిషి. గుసగుసలు అక్కర్లేదు గానీ, అలా దాటెయ్యకు కూడా. బొమ్మలోని మనిషికి అమ్మాయిలు పెళ్ళి చేసుకుంటామని ఉత్తరాలు రాసేవాళ్ళు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి ఊరుకో, చదివేవాళ్ళు చూసుకుంటారు.

మొదటి ప్రపంచయుద్ధంలో మెత్తటి కాలర్లకి అలవాటుపడ్డ కుర్రాళ్ళు ఇంటికొచ్చి మళ్ళీ గంజి మెడకెత్తుకోలేదు. కథ అక్కడ తిరుగుతుంది, నీ వ్యాసంలో ఆ ముక్కే లేదు.

ఆఖరి పేరా కొట్టెయ్. బీచ్ చెవి పక్కన పడ్డ వెలుగు గురించి రాసిన రెండు వాక్యాలు మాత్రం కదపకు. ఇన్నేళ్ళు ఆ బొమ్మ చూశాను, ఆ వెలుగు నాకు కనపడనేలేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు