నాన్నగారి కారు ఖరీదు సున్నా కాదు

ప్రశ్న: మాది గాజువాక. వయసు 36. పరవాడలో ఫార్మా కంపెనీలో పనిచేస్తాను, చేతికి 85,000 వస్తుంది. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 30,000. ఇంటి లోను ఈఎంఐ 24,000. పాపకు 8 ఏళ్లు. అన్ని ఖర్చులూ పోను నెలకు 35,000 దాకా మిగులుతుంది. బ్యాంకులో 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. లంబోర్గినీ గల్లార్డో లాంటి కారును ఫైబర్ బాడీ కిట్‌తో సొంతంగా కట్టుకోవాలని పదేళ్లుగా కోరిక. ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ చేసే మా బావమరిది పైపుల ఫ్రేమ్ తనే కడతానన్నాడు. ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకుల కోసం ఒక పాత కారు, అంటే డోనర్ కారు కావాలి. మూడు చూశాను. విజయవాడలో 2009 హోండా సివిక్, 2.4 లక్షలు. యాక్సిడెంట్ అయిన 2012 స్కోడా లారా 1.8 టీఎస్‌ఐ, 1.6 లక్షలు. మా నాన్నగారి 2012 హోండా సిటీ ఇంట్లోదే కాబట్టి సున్నా. మొత్తం 8 లక్షలవుతుందని అంచనా, పర్సనల్ లోను తీసుకుందామనుకుంటున్నాను. తర్వాత ప్రీవెడ్డింగ్ షూట్లకు అద్దెకిచ్చి రాబట్టుకోవచ్చు. ఏ కారు తీసుకోమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నా కళ్లు ముందు ఆ సున్నా దగ్గరే ఆగిపోయాయి.

నాన్నగారి సిటీని ఈరోజు అమ్మితే రెండున్నర లక్షలు వస్తుందనుకుందాం. దాన్ని కోసి ఇంజిన్ తీశారంటే ఆ రెండున్నర లక్షలు ఖర్చు పెట్టినట్టే. జేబులోంచి డబ్బు కదలలేదు కాబట్టి మీకు అలా అనిపించలేదు, అంతే. పైగా ఆ కారు రోజూ ఏదో ఒక పని చేస్తూనే ఉంటుంది కదా. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా, ఇంటిల్లిపాదీ సింహాచలం వెళ్లాలన్నా ఇంకో కారు కొనాలి. కాస్త నమ్మకమైన పాత కారుకే నాలుగు లక్షలు పెట్టాల్సి వస్తుందనుకోండి, మీ మూడు కార్లలో సున్నా ఖరీదు కారే అన్నిటికంటే ఖరీదైనది. ఇంతకీ నాన్నగారిని అడిగారా? ఉత్తరంలో ఆ ముక్క లేదు.

సిటీ మీద మీకు మనసుపోవడానికి ఇంకో కారణం ఉండి ఉంటుంది. గల్లార్డో వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం, 2560 మి.మీ., మీ సిటీది 2550. పాత కారు ఛాసిస్ మీదే కొత్త ఒళ్లు తొడిగే పద్ధతిలో ఆ కొలత ప్రాణం. టయోటా ఎంఆర్2 రెండో తరం కారు వీల్‌బేస్ 2400, ఫెరారీ ఎఫ్355ది 2450. గల్లార్డో, ఫెరారీల్లో లాగే ఎంఆర్2లో ఇంజిన్ కూడా మొదటి నుంచీ సీట్ల వెనకే ఉంటుంది. అందుకే ఇంగ్లండ్‌లో ఎంఆర్2కు ఫెరారీ ఒళ్లు తొడిగే ఆ జోడీ అంత పేరు తెచ్చుకుంది. మీరు ఫ్రేమే కొత్తగా కట్టిస్తున్నారు కాబట్టి డోనర్ పొడవుతో మీకు పనిలేదు. మీకు కావలసినది ముందు చక్రాలను తిప్పే, అడ్డంగా అమర్చిన ఇంజిన్, దానికి అతుక్కుని ఉన్న గేర్‌బాక్స్. ఆ మొత్తాన్నీ తెచ్చి సీట్ల వెనక పెడతారు. సివిక్, లారా, సిటీ మూడూ ఈ రకమే. ఎంఆర్2ను దిగుమతి చేసుకునే ఆలోచన ఏమైనా ఉంటే మానేయండి. తయారై మూడేళ్లు దాటిన వాడిన కారును మామూలు దారిలో దేశంలోకి రానివ్వరు.

ఇక అద్దె ఆదాయం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటితో తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన కేసులో, ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పెట్టారు. మీరు చూస్తున్న వీడియోలు ఇంగ్లండువి అయి ఉంటాయి. అక్కడ ఐవీఏ అనే పరీక్ష పాసైతే ఇంట్లో కట్టిన కారుకూ నంబరు ఇస్తారు. ఇక్కడ ఒక్క బండి కట్టుకునే మనిషికి అలాంటి సులువైన దారి లేదు. సివిక్ ఆర్‌సీ పెట్టుకుని గల్లార్డో ఆకారంలో బీచ్ రోడ్డు ఎక్కితే ఆ ఆర్‌సీ చిత్తు కాగితంతో సమానం, ఇన్సూరెన్సు ఉన్నా లేనట్టే. ఎవరికైనా తగిలితే నష్టపరిహారం మీ జీతంలోంచి, మీ ఇంటి మీద నుంచి కట్టాలి. రుషికొండలో ఫొటో షూట్ అంటే లారీ మీద ఎక్కించి తీసుకెళ్లి దించాలి. ఆ రానుపోను బాడుగ తీసేస్తే అద్దెలో మీకు ఏం మిగులుతుందో మీరే లెక్కేసుకోండి. ముందు లంబోర్గినీ ఎద్దు గుర్తు అతికించి అమ్మే ఆలోచన కూడా వద్దు. 2019 జులైలో బ్రెజిల్‌లో నకిలీ ఫెరారీలు, లంబోర్గినీలు చేసే షెడ్డునే పోలీసులు మూయించారు.

కాబట్టి ఇది ఆదాయం తెచ్చే ఆస్తి కాదు, సరదా ఖర్చు. సరదా ఖర్చు తప్పని నేను అనను, నాకూ కొన్ని ఉన్నాయి. కానీ సరదాకు అప్పు చేయకూడదన్నది నా పట్టుదల. 8 లక్షలు 14 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 18,600 పైన పడుతుంది, మొత్తం కట్టేది సుమారు 11 లక్షల 17 వేలు. నెలకు మీకు మిగిలే దాంట్లో సగానికి పైగా, పాపకు 13 ఏళ్లు వచ్చేదాకా, షెడ్డులో నిలబడ్డ బండికి పోతుంది.

పైగా 8 లక్షల్లో అది తేలదు. మీ అంచనాలో అద్దాలు, హెడ్‌లైట్లు, వెడల్పు టైర్లు, పెయింటింగ్, సీట్లు, రేడియేటరు ముందూ ఇంజిన్ వెనకా ఉంటే మధ్యలో పరిచే పొడుగాటి కూలెంట్ పైపులు, ఇవేవీ కనిపించలేదు. ఏసీ కూడా లేదు. మే నెలలో, మన ఉక్కపోతలో, వీపు వెనక ఇంజిన్ పెట్టుకుని! కనీసం 12 లక్షలు అనుకుని మొదలుపెట్టండి. 6 లక్షల ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి, మీ ఇంటికి ఏడు నెలల ఊపిరి అది. పాపకు పదేళ్లు నిండకముందే సుకన్య సమృద్ధి ఖాతా తెరిచే వీలుంది, అది ఇంకా చేయకపోతే ముందు అది చేయండి. ఆ తర్వాత నెలకు 25,000 చొప్పున ఆర్‌డీ వేయండి. 6.5 శాతం వడ్డీ మీద ఏడాదికి 3 లక్షల 10 వేల దాకా చేతికొస్తుంది. మొదటి ఏడాది డబ్బుతో డోనర్, రెండో ఏడాది ఫ్రేమ్, కిట్ ఆ తర్వాతే. కిట్ ముందు కొని డాబా మీద ఎండబెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. లారా చవగ్గా కనబడుతోంది, 160 హార్స్‌పవర్ టర్బో ఇంజిన్ మనసు లాగుతుంది. కానీ అందులో తాళం చెవి, మీటరు, ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటరు ఒకదానితో ఒకటి జతపడి ఉంటాయి. వైరింగ్‌లో ఒక ముక్క తగ్గినా బండి మొరాయిస్తుంది, అది తేల్చే ఎలక్ట్రీషియన్ కూలీ మీ లెక్కలో లేదు. దెబ్బ ఎక్కడ తగిలిందో కూడా రాయలేదు. వెనక నుంచి గుద్దించుకున్న కారైతే డోనర్‌గా బంగారం, ఎందుకంటే మనకు కావలసినదంతా ముందు భాగంలోనే ఉంటుంది. ముందు నుంచి గుద్దిందైతే ఉచితంగా ఇచ్చినా వద్దు.

నా ఓటు సివిక్‌కు. 1.8 లీటర్ల పెట్రోలు, 130 హార్స్‌పవర్, టర్బో గొడవ లేదు. మాన్యువల్ గేర్లదే చూడండి. ఆటోమేటిక్ అయితే దాని కంప్యూటరును కూడా కొత్త వైరింగ్‌లో కలపాలి. కారు నడుస్తున్న స్థితిలో, మొత్తంగా కొనండి, విడి ఇంజిన్ వద్దు. పెడళ్లు, స్టీరింగ్, వైరింగ్, చిన్న చిన్న బ్రాకెట్లు విడిగా వెతుక్కుంటే దానికే లక్ష కరిగిపోతుంది. మీకు పనికిరాని తలుపులు, సీట్లు, డిక్కీ అమ్ముకుంటే కొంత వెనక్కి వస్తుంది కూడా. బావమరిదికి ఒక్క మాట చెప్పండి: డోనర్ ముందు బ్రేకులు పెద్దవి, ఆ మొత్తాన్ని వెనక్కి మారిస్తే బలమైన బ్రేకు వెనక చక్రాలకు వెళ్లి, గట్టిగా నొక్కినప్పుడు బండి గిర్రున తిరుగుతుంది. ఆ బ్యాలెన్స్ మార్చే ఖర్చులో పొదుపు పనికిరాదు. మన ఉప్పుగాలికి ఫైబర్ తుప్పు పట్టదు గానీ లోపలి పైపులు పడతాయి, తుప్పును ఆపే ఎపాక్సీ ప్రైమరు పూతకు డబ్బు కూడా పక్కన పెట్టండి.

విజయవాడ కారు అన్నారు కాబట్టి ఒక అనుమానం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు అక్కడ చాలా కార్లు మునిగాయి. సీటుబెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద గీత ఉంటే తిరిగి బస్సెక్కేయండి. కార్పెట్ ఎత్తి వాసన చూడండి. 2009 బండికి 15 ఏళ్లు ఎప్పుడో దాటాయి, ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో పరివాహన్ సైట్‌లో చూడండి. కాకపోయి ఉంటే రోడ్డు మీద నడిపే కారు ధర మీరెందుకు ఇవ్వాలి? గట్టిగా బేరమాడండి. పాత లోను తీరిందా, చలాన్లు ఉన్నాయా కూడా అక్కడే తెలుస్తుంది. ఫారం 29, 30 మీద సంతకాలతో బండి మీ పేరు మీదికి మారాకే కోత మొదలుపెట్టండి. కోశాక బండి ఇక పనికిరాదని 14 రోజుల్లోగా ఆర్టీఓ ఆఫీసుకు రాసిచ్చి ఆర్‌సీ అప్పగించాలి, అది 55వ సెక్షన్.

సివిక్ చూడ్డానికి విజయవాడ వెళ్లేటప్పుడు నాన్నగారి సిటీలోనే వెళ్లండి, ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని.