దీపావళి వేదిక మీద భైలో పాట

ప్రశ్న: నమస్కారమండీ. ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో కూచిపూడి పాఠశాల నడుపుతున్నాను. శరణార్థులకు సాయం చేసే ఇక్కడి సంస్థ ఒకటి మమ్మల్ని రెండు కోరింది. భూటాన్ నుంచి వచ్చిన నేపాలీ కుటుంబాల పిల్లలకు ఉచితంగా నాట్యం నేర్పమని, ఆ కుటుంబాల కష్టగాథను దీపావళి వేడుకలో నృత్యనాటికగా వేయమని. మా కమిటీలో సగం మంది సరే అంటున్నారు, సగం మంది మనకెందుకంటున్నారు. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక నాట్య గురువు, కొలంబస్

జవాబు: తప్పకుండా చేతులు కలపండమ్మా. అయితే నాట్య తరగతులను వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. నృత్యనాటిక ఆలోచన పూర్తిగా మానుకోండి.

మనకెందుకనే వారికి ముందు వాళ్లెవరో చెప్పాలి. దక్షిణ భూటాన్‌లో యాలకులు, నారింజ పండించుకున్న రైతు కుటుంబాలవి. 1985 నాటి పౌరసత్వ చట్టం వాళ్లలో చాలామందిని సొంత ఊళ్లోనే పరాయివాళ్లను చేసింది. ఆ తర్వాత బడుల్లో నేపాలీ బోధన ఆపేశారు. ఉత్తర భూటాన్ వాళ్ల దుస్తులే అందరూ వేసుకోవాలన్నారు. 1990 తర్వాత లక్ష మంది దాకా ఇళ్లు వదిలి, తూర్పు నేపాల్‌లోని ఝాపా, మొరంగ్ జిల్లాల శిబిరాల్లో వెదురు గుడిసెల్లో ఇంచుమించు 20 ఏళ్లు గడిపారు. 2007 చివరి నుంచి ఇతర దేశాలు వాళ్లను తీసుకోవడం మొదలైంది. అందరికంటే ఎక్కువ మందికి చోటిచ్చింది అమెరికాయే. మీ కొలంబస్ ఇప్పుడు వాళ్లకు పెద్ద ఊరు.

భాష మీదా బట్ట మీదా దెబ్బ పడి ఇల్లు వదిలినవాళ్ల దగ్గరికి మనం మన కళను పట్టుకెళ్లి, ఇది నేర్చుకోండి అనడం మొదటి పని కాకూడదు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. వాళ్లకేం వచ్చో ముందు అడగండి. వాళ్ల తిహార్ పండుగ మన దీపావళి రోజుల్లోనే వస్తుంది. లక్ష్మీపూజ రాత్రి ఆడవాళ్లు ఇంటింటికీ వెళ్లి భైలో పాడతారు. మర్నాడు మగవాళ్లు దేవుసీ పాడతారు. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగిలినవాళ్లు వంత పలుకుతారు, పక్కన మాదల్ అనే డోలు మోగుతుంది. ఇంటివాళ్లు బియ్యం, డబ్బు, తినుబండారాలు ఇచ్చి పంపుతారు, వాళ్లు ఆ ఇంటిని దీవిస్తారు. సంక్రాంతి నెలలో హరిదాసుకు గుమ్మంలో బియ్యం పోసిన మనవాళ్లకు ఇది అర్థం కావడానికి ఉపన్యాసం అక్కర్లేదు. ఈ దీపావళికి మీ వేదిక మీద అరగంట వాళ్లకివ్వండి, పారితోషికంతో సహా. ఇండియా నుంచి వచ్చిన మృదంగ విద్వాంసుడికి ఎలా ఇస్తారో అలాగే, కవర్లో పెట్టి, సభలో పేరు చదివి.

ఇక కష్టగాథ సంగతి. మా అమ్మమ్మ రంగూన్‌లో పెరిగింది. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చిన లక్షల మందిలో ఆమె ఒకతె. మా ఇంటికి వచ్చినవాళ్లంతా ఆ నడక గురించే అడిగేవారు. ఆమెకేమో రంగూన్ తెలుగువాళ్లు వేసిన పద్యనాటకాల గురించి చెప్పాలని ఉండేది. ఏ పాత్ర ఎవరు వేశారో, ఏ పద్యానికి ఒన్స్‌మోర్ కొట్టారో అన్నీ గుర్తే. అడిగినవాళ్లు లేరు. మీ వేదిక మీదికి వచ్చే ముసలమ్మను శిబిరం గురించి అడగకండి. పాట గురించి అడగండి. తనంతట తాను చెబితే వినండి.

ఇలా చేసిన చోట్లు ఉన్నాయి. 2015 చివర్లో బెర్లిన్‌లో 4 మ్యూజియంలు కలిసి, సిరియా, ఇరాక్‌ల నుంచి వచ్చిన శరణార్థులకు గైడ్లుగా శిక్షణ ఇచ్చి 'ముల్తకా' అనే పథకం మొదలుపెట్టాయి. అక్కడి ఇస్లామీయ కళల మ్యూజియంలో అలెప్పోకు చెందిన ఒక క్రైస్తవ వర్తకుడి ఇంటి గది ఉంది. 1600 ప్రాంతంలో రంగులు వేసిన చెక్క పలకలు దాని నిండా. సిరియా మనిషి అక్కడ నిలబడి అరబిక్‌లో వివరిస్తుంటే అతన్ని చూసి జాలిపడే వీలు ఎవరికీ ఉండేది కాదు. అక్కడ తెలిసినవాడు అతనే. 2018లో ఫిలడెల్ఫియా పెన్ మ్యూజియం మధ్యప్రాచ్య గ్యాలరీలను కొత్తగా తెరిచినప్పుడు అదే దారి పట్టింది. గైడ్లకు డబ్బు ఇచ్చింది. ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలు స్థానిక శరణార్థి సహాయ సంస్థలతో కలిసి నడుస్తున్నాయి. మనుషులు ఎవరో సేవాసంస్థకు తెలుసు, కళ సంగతి కళాసంస్థకు తెలుసు. ఒకరి పని ఇంకొకరు చేయబోతేనే చిక్కు.

కాబట్టి ఆ సంస్థతో ఒక్క పేజీ ఒప్పందం రాసుకోండి. కొత్తగా దిగిన కుటుంబం పనులన్నీ మొదటి 90 రోజుల్లోనే ఉంటాయి. ఇల్లు, బడి, వైద్య పరీక్షలు, ఉద్యోగం. ఆ రోజుల్లో వాళ్లను నాట్యానికి పిలవకండి. 2025 జనవరిలో అమెరికా శరణార్థుల ప్రవేశాన్ని నిలిపివేశాక ఇలాంటి సంస్థలు సిబ్బందిని బాగా తగ్గించుకున్నాయి. అందుచేత ఫోన్లు చేసే పని, కార్లలో తీసుకొచ్చే పని మీ పాఠశాల తల్లిదండ్రులు పంచుకోవాలి. మనవాళ్లు ఎక్కువగా డబ్లిన్ వైపు, వాళ్లు రేనాల్డ్స్‌బర్గ్ వైపు. ఊరికి ఆ చివర, ఈ చివర. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రిని శనివారం పొద్దున పిల్లను దింపమని అడగలేం. తరగతి పెడితే వాళ్ల పేటలోనే పెట్టండి. దుబాసీకి డబ్బివ్వండి, ఆ పని ఇంట్లో పిల్లల చేత చేయించకండి.

ఫోటోల విషయంలో మాత్రం ఏ సడలింపూ వద్దు. 2025 మార్చి నుంచి అమెరికా కొందరు భూటాన్ శరణార్థులను తిరిగి భూటాన్‌కే పంపింది. భూటాన్ వాళ్లను ఉండనివ్వలేదు. ఆ భయం ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది. వాళ్ల భాషలో అడిగి, రాతపూర్వకంగా సరే అన్న తర్వాతే ఫోటో. మీ ఫేస్‌బుక్ పేజీ ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు.

ప్రశ్న: మా నాటక బృందం బాలాపూర్‌లోని రోహింగ్యా పిల్లలతో ఒక నాటకం వేయించి రవీంద్రభారతిలో ప్రదర్శించాలనుకుంటోంది. మీ సలహా?
– ఒక రంగస్థల నటుడు, హైదరాబాద్

జవాబు: రవీంద్రభారతి వద్దు నాయనా. 1951 నాటి శరణార్థుల ఒడంబడిక మీద భారత్ సంతకం చేయలేదు. శరణార్థులకంటూ మనకు ప్రత్యేక చట్టమూ లేదు. ఐక్యరాజ్యసమితి ఇచ్చే శరణార్థి కార్డు చేతిలో ఉన్నా ఆ కుటుంబాల ఉనికి ఎప్పుడూ అనిశ్చితమే. పిల్లల ముఖాలు లైట్ల వెలుగులో పెడితే చప్పట్లు మీకు, చిక్కులు వాళ్లకు.

తోలుబొమ్మలాట ఆలోచించండి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో బొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక కళాకారుణ్ణి కొన్ని రోజులు పిలిపించి, పిల్లల చేతే బొమ్మలు చేయించండి. తెర వెనక పిల్లలు ఆడిస్తారు, ముఖాలు కనబడవు, గొంతులు వినబడతాయి. 2021లో పలు దేశాల కళాకారులు ఆమల్ అనే మూడున్నర మీటర్ల సిరియా పాప బొమ్మను టర్కీలోని గాజియాన్‌టెప్ నుంచి మాంచెస్టర్ దాకా నడిపించారు. ఎవరి బిడ్డనూ ముందు నిలబెట్టకుండానే దారిపొడవునా జనం శరణార్థి పిల్లల గురించి మాట్లాడుకున్నారు. బాలాపూర్‌లో ఇప్పటికే బడి నడుపుతున్నవాళ్లతో ముందు మాట్లాడండి. ప్రదర్శన బస్తీలోనే, తల్లుల ఎదుట వేయండి. బొమ్మలు పిల్లలకే వదిలి రండి.