ఏటి ఒడ్డున ఒక రాత్రి: సునాబెడ చెల్లెమ్మకు జవాబు

సందేహం: "అక్కా, మేం విజయనగరం నుంచి ఒడిశాలోని సునాబెడ వచ్చి ఏడు నెలలైంది. శీతాకాలం సెలవుల్లో మా ఆరేళ్ల బాబుని తీసుకుని ఏటి ఒడ్డున టెంట్ వేసుకుని ఒక రాత్రి ఉండాలని ఉంది. ఇక్కడి కొండల్లో జనం లేని, ప్రశాంతమైన చోటు ఏదైనా చెప్పండి."

చెల్లెమ్మా, నీ ఉత్తరంలో "జనం లేని" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. అది దాటి చదవడానికి నాకు కాసేపు పట్టింది. ఎందుకంటే పెళ్లయి ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ సరిగ్గా అదే కోరుకున్నాను.

అమెరికా వెళ్లేవాళ్ల సందేహాలు తీర్చడానికి వీధికి పదిమంది ఉన్నారు. సాలూరు ఘాట్ ఎక్కి ఒడిశాలో కాపురం పెట్టినవాళ్లకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. "పక్కనే కదమ్మా" అంటారు. పక్కనే, కాదనను. కానీ సరిహద్దు దగ్గరి సుంకి దాటాక బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి. కిరాణా కొట్లో ఏం అడగాలో తెలిసీ నోరు పెగలదు. నీ పెద్దవాళ్లు ఫోన్‌లో "ఎలా ఉన్నావ్" అంటే "బానే ఉన్నాం" అంటావు. ఆ "బానే ఉన్నాం" వెనక ఏముందో నాకు తెలుసు. అందుకే నువ్వు అడిగింది టెంట్ గురించే అయినా, నేను ముందు మనుషుల గురించి చెబుతాను. ఓపిగ్గా చదువు.

మాది పార్వతీపురం. అక్కడి నుంచి రాయగడకు రైలెక్కితే ఎంతో దూరం కాదు. రాయగడ బజారులో తెలుగు బాగానే వినిపిస్తుంది, మజ్జిగౌరమ్మ గుడి దగ్గరైతే సగం మంది మనవాళ్లే. కానీ రాయగడలో మా క్వార్టర్స్ ఊరికి దూరం. చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా కటక్, బాలేశ్వర్ వైపు నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు మంచివాళ్లే. నాకు భాష రాక తలుపు వేసుకునేదాన్ని. రెండేళ్లు అలా తలుపు వేసుకుని బతికాను. మావారు డ్యూటీకి వెళ్తే సాయంత్రం దాకా బాబూ, నేనూ, గోడలూ.

1998లో దసరా సెలవులకు ఊరెళ్లడం కుదరలేదు. ఏడుపు ముంచుకొచ్చింది. "ఎక్కడికైనా తీసుకెళ్లండి, మనల్ని ఎవరూ చూడని చోటికి" అన్నాను. మావారు నాగావళి ఒడ్డున, రాయగడకు ఎగువన, ఏరు వంపు తిరిగేచోట తెల్లటి ఇసుక మేట ఒకటి చూసి వచ్చారు. అప్పుడు మా దగ్గర టెంట్లెక్కడివి? లారీ టార్పాలిన్ ఒకటి, నైలాన్ తాడు, కిరోసిన్ స్టవ్, మా అమ్మ సారెలో పెట్టిన ఇత్తడి గిన్నె. ఆకాశం శుభ్రంగా ఉంది. నీళ్లు పిక్కల్లోతు, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. మనిషి అలికిడి లేదు. రెండేళ్లలో మొదటిసారి గట్టిగా నవ్వాను.

సాయంత్రం నాలుగు దాటాక, తలమీద కట్టెల మోపుతో ఒక ముసలావిడ గట్టు మీద నుంచి మమ్మల్ని చూసి ఆగింది. "పాణి ఆసుచి, పాణి ఆసుచి" అని చెయ్యి ఊపుతూ అరిచింది. పాణి అంటే నీళ్లని తెలుసు. తాగడానికి నీళ్లు కావాలా అని అడుగుతోందనుకున్నాను. మా బాటిల్ ఎత్తి చూపించి, "ఉన్నాయమ్మా, వద్దు" అన్నాను. ఆవిడ మళ్లీ అరిచింది. నేను మళ్లీ బాటిల్ చూపించి, బియ్యం కడగడంలో పడ్డాను.

పాణి ఆసుచి అంటే "నీళ్లొస్తున్నాయి" అని. ఎగువన కొండల్లో పడ్డ వాన ఏటికి ఎప్పుడు దిగుతుందో ఆవిడకు తెలుసు. నాకు ఆ రెండు మాటలు తెలియవు.

ఆవిడ కట్టెల మోపు కింద పడేసి గట్టు దిగి వచ్చింది. నాతో ఇంకేం మాట్లాడలేదు. ఇసుకలో ఆడుకుంటున్న మా బాబుని చంకనెత్తుకుని పైకి నడిచింది. నేను కేకలేస్తూ వెనక పరిగెత్తాను, నా వెనక మావారు. గట్టెక్కి వెనక్కి తిరిగి చూస్తే, తేటగా ఉన్న నీరు పాలు ఎక్కువైన టీ రంగులోకి మారింది. ముందు ఎండుటాకులు, పుల్లలు వచ్చాయి. తర్వాత నీటి అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు, దూరంగా గూడ్సు బండి పోతున్నట్టు. అరగంట కూడా పట్టలేదు, స్టవ్, టార్పాలిన్, గిన్నె అన్నీ పోయాయి. మేం కూర్చున్నచోట నడుం లోతు నీళ్లు పారుతున్నాయి.

ఆ రాత్రి ఆవిడ ఇంట్లోనే పడుకున్నాం. కోంధ్ గిరిజన కుటుంబం, ఇంట్లో మాట్లాడేది కువి భాష. మాకోసమే వచ్చీరాని ఒడియాలో చెప్పిందన్నమాట. దొప్పలో అంబలి పోసి ఇచ్చింది. "మండియా" అంది. నోట్లో పెట్టుకోగానే తెలిసింది, మా అమ్మమ్మ ఇంటి చోడి అంబలే. చోళ్లని, అంటే రాగుల్ని, వీళ్లు మండియా అంటారు, అంతే తేడా. ఆ పూట ఆ దొప్ప పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో.

మర్నాటి నుంచి తలుపు వేసుకోవడం మానేశాను. పక్కింటి కటక్ ఆవిడ దగ్గర ఒడియా మాటలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇవాళ సంతలో బేరం ఆడినా, ఆస్పత్రిలో గొడవ పడినా ఒడియాలోనే, ఇక్కడి కొండల్లో మాట్లాడే దేశియా కూడా సగం అర్థమవుతుంది. ఎవరూ చెప్పేవాళ్లు లేకుండా నెగ్గుకొచ్చాం. మీకు ఇప్పుడు ఫోన్‌లో మ్యాప్ ఉంది, ఫొటోలున్నాయి. కానీ గట్టు మీద నుంచి ఎవరైనా అరిస్తే అర్థం చేసుకోవడం ఆ ఫోన్ నేర్పదు తల్లీ.

కాబట్టి నా మొదటి షరతు: కేకేస్తే వినిపించే దూరంలో ఊరు ఉండాలి. వెళ్లగానే ఊళ్లో పెద్దమనిషిని కలిసి, పలానా చోట రాత్రి ఉంటామని చెప్పి, ఒక్క ప్రశ్న అడుగు. "గొలా బొర్సొ పాణి కేతే దూరొ ఆసిథిలా?" పోయిన ఏడాది నీళ్లు ఎందాకా వచ్చాయి అని. ఈ మాట ఒక కాగితం మీద రాసుకుని ఇప్పటి నుంచే వల్లెవెయ్యి. ఆయన చెయ్యి ఎక్కడ చూపిస్తే అక్కడికి పైన ఉండాలి మీ టెంట్. నీ కళ్లతోనూ చూసుకో. ఒడ్డున తుప్పల్లో, చెట్ల కొమ్మల్లో ఎండుగడ్డి, ప్లాస్టిక్ ముక్కలు చిక్కుకుని ఉంటే వరద అంత ఎత్తు వచ్చిందన్నమాట. వంపు లోపల ఉండే ఇసుక మేట చూడ్డానికి పరుపులా ఉంటుంది. దాన్ని అక్కడ పోసింది వరదే, ముందు మునిగేదీ అదే. వంపు బయటి ఒడ్డేమో కోసుకుపోతూ ఉంటుంది, అంచున కూర్చోకూడదు. గెడ్డ, అంటే చిన్న వాగు, వచ్చి ఏట్లో కలిసేచోట, గెడ్డ ఎండి ఉన్నా సరే, టెంట్ వెయ్యొద్దు.

మరీ భయపెడుతున్నాననుకోకు. 2017 జూలైలో రాయగడ జిల్లాలో ఉన్నట్టుండి వచ్చిన వరదకి రైలు వంతెనే కొట్టుకుపోయింది. మరుసటి ఏడాది అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో వానకి తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. అందుకే ఏటికి భయపడి నిటారు కొండ కిందికి పోవడం కూడా తప్పే. కార్తీకం దాటాక మాఘం దాకా మాత్రమే మేం ఒడ్డున ఉంటాం. దసరాకి మళ్లీ ఎప్పుడూ వెళ్లలేదు.

కార్తీకం దాటినా ఆనకట్టల కింది నదుల సంగతి వేరు. మీ వైపు కొలాబ్ నది మీద ఆనకట్ట ఉంది. మాచ్‌ఖండ్ నది మీద జలాపుట్ ఆనకట్ట ఉంది, దాని దిగువన 1955 నుంచి నడుస్తున్న కరెంటు కేంద్రం ఉంది. నీళ్లు వదిలితే ఎండ కాస్తుండగానే ఏరు పెరుగుతుంది. ఇది కూడా ఊళ్లోవాళ్లనే అడగాలి.

ఇంకో పొరపాటు వంశధార ఒడ్డున చేశాం, గుణుపురం దగ్గర. నీడ బాగుందని పెద్ద ఏరుమద్ది చెట్టు కింద పొయ్యి పెట్టాం. తల ఎత్తి చూడలేదు. పైన కొండతేనె పట్టు ఉంది. పొగ తగలగానే తేనెటీగలు దిగాయి. మావారి చెవి మూడు రోజులు బూరెలా ఉంది. అప్పుడు తడి గోనెలు కప్పి మమ్మల్ని బయటికి లాగింది పశువులు కాసే ఇద్దరు కుర్రాళ్లు. చూశావా, మళ్లీ మనుషులే. చెట్టు కింద దిగేముందు పట్టు ఉందా, ఎండుకొమ్మ వేలాడుతోందా అని చూడండి.

చలి గురించి నువ్వు అడగలేదు గానీ, విజయనగరం వాళ్లకి ఇది తెలియదు. కోరాపుట్ పీఠభూమి సుమారు 900 మీటర్ల ఎత్తు. రాత్రి కొండల మీది చల్లగాలి బరువుగా లోయలోకి జారి ఏటి పక్కనే చేరుతుంది. గట్టు మీద కంటే నీళ్ల పక్కన వణుకు ఎక్కువ. తెల్లవారేసరికి మంచుకి టెంట్ లోపలి గుడ్డ కూడా తడిసిపోతుంది. కింద గడ్డి పరిచి, దాని మీద టార్పాలిన్, ఆ మీద దుప్పట్లు వేసుకోండి. దోమలు చలికి ఉండవనుకోకు, ఇది మలేరియా సీమ. టెంట్ జిప్పు ఎప్పుడూ మూసే ఉంచాలి, కట్లపాము రాత్రిపూట పడకల్లోకి దూరుతుంది. వెళ్లొచ్చిన రెండు మూడు వారాల్లో బాబుకి జ్వరం వస్తే అడవికి వెళ్లామని డాక్టర్‌కి మొదటే చెప్పు.

అటవీ భూమి అయితే అనుమతి కావాలి. ఆ రూల్స్ ఫారెస్టు ఆఫీసులో చెబుతారు, కనుక్కోండి. వాళ్ల నేచర్ క్యాంపుల్లో ఉంటే ఆ తలనొప్పి కూడా ఉండదు, చుట్టూ మనుషులుంటారు.

చోటు అడిగావు కాబట్టి చెబుతున్నా. జయపురం మీదుగా రామగిరి దాటి గుప్తేశ్వర్ వెళ్లండి. గుడి ఉంది, పక్కనే కొలాబ్ పారుతుంది. కిందికి పోయేకొద్దీ దీన్నే మనం శబరి అంటాం, కూనవరం దగ్గర గోదావరిలో కలిసేది ఇదే. పూజారులు, కొట్లవాళ్లు, వచ్చేపోయే భక్తులు ఉంటారు. శివరాత్రి జాతర రోజుల్లో మాత్రం వద్దు. దేవమాలి గురించి అందరూ చెబుతారు. 1672 మీటర్లు, ఒడిశాలో అదే ఎత్తయిన శిఖరం, తెల్లవారుజామున మబ్బులు కింద పరుచుకుంటాయి. కానీ నువ్వడిగింది ఏరు, అక్కడ ఏరు లేదు. డుడుమ జలపాతం పగలు చూసి రండి, కింద రాత్రి ఉండొద్దు. రాయగడ దగ్గర చెకాగుడ వేలాడే వంతెన కూడా అంతే, గంటసేపటి ముచ్చట.

"మేం ముగ్గురమే వెళ్తాం, ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఎందుకు" అని నువ్వు అనుకుంటావు. తెలుసు. ఏడు నెలలుగా అలా అనుకుంటూనే ఉన్నావు. మీ లైన్‌లో ఎంతమంది పేర్లు నీకు తెలుసు? ఐదుగురివైనా తెలుసా? నీ ఉత్తరంలో ఒక్క స్నేహితురాలి పేరు లేదు, ఒక్క పొరుగింటి ముచ్చట లేదు. శుక్రవారం కుందులి సంతకి వెళ్లు. అల్లం అమ్మే ఆవిడ పక్కన కూర్చుని ధర అడుగు, తప్పుగా అడిగినా పర్వాలేదు, ఆవిడే సరిచేస్తుంది. నీ కొడుకు నీకంటే ముందు నేర్చుకుంటాడు, వాణ్ణి ఆపకు.

సంక్రాంతి వెళ్లిన రెండో శనివారం మేం నాలుగు కుటుంబాలం గుప్తేశ్వర్ వెళ్తున్నాం. రెండు తెలుగువాళ్లవి, ఒకటి కటక్ వాళ్లది, ఇంకొకటి జయపురం వాళ్లది. మా వండివార్పులకి పెద్ద గిన్నెలున్నాయి, నువ్వు బియ్యం మొయ్యక్కర్లేదు. బాబుకి చెవులు మూసే టోపీ, రెండు జతల మేజోళ్లు తీసుకురా. నీకు నచ్చిన పచ్చడి ఒక సీసా తెస్తే కటక్ ఆవిడ సంతోషిస్తుంది, ఇరవై ఎనిమిదేళ్లుగా నా ఆవకాయే తింటోంది పాపం. పొద్దున్న ఆరింటికి జయపురంలో కలుద్దాం. చీకట్లో ఘాట్ దిగకుండా ముందురోజే వచ్చేస్తానంటే జయపురంలో మా ఇప్పటి ఇంట్లో మంచం ఉంది.